ఇస్ఫహాన్: వంతెనలు నిలిచాయి, నది ఎందుకు ఆగింది?

క్లుప్తంగా: ఇరాన్ నడిబొడ్డున ఉన్న ఇస్ఫహాన్ రెండుసార్లు సామ్రాజ్య రాజధానిగా వెలిగింది. ఆ వైభవానికి ఆధారం జాయందే రూద్ అనే ఒక మోస్తరు నది, ఆ నది నీటిని తరతరాలుగా లెక్కప్రకారం పంచుకున్న తీరు. ఇప్పుడు ఆ నది నగరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండిపోయి ఉంటోంది. వానల కొరత ఇందులో కొంత భాగమే. ఎగువ నుంచి దిగువ దాకా పంపకం తారుమారవడం అంతకంటే పెద్ద కారణం. ఆ దెబ్బ పొలాలను దాటి చారిత్రక కట్టడాల పునాదుల దాకా వచ్చింది.

2025 జూన్‌లో ఇస్ఫహాన్ అణు కేంద్రంపై దాడులు జరిగినప్పుడు ఈ నగరం పేరు తెలుగు వార్తల్లో రోజుల తరబడి వినిపించింది. అంతకుముందు 2021 నవంబరులో వేలమంది రైతులు, నగరవాసులు ఎండిన నదిలో, ఖాజూ వంతెన దగ్గర బైఠాయించినప్పుడూ వినిపించింది. నీలి గుమ్మటాల ఫొటోలు, బీటలు వారిన నది అడుగు, అణు కేంద్రం ఒకే ఊరివంటే నమ్మడం కష్టం. నిజానికి గుమ్మటాల కథను, ఎండిన నది కథను విడదీయలేం. రెండూ నీటితోనే మొదలవుతాయి.

## ఎడారి అంచున తోట

ఇస్ఫహాన్ సముద్రమట్టానికి దాదాపు 1,570 మీటర్ల ఎత్తున, పొడి పీఠభూమి మీద ఉంది. ఏడాదికి పడే వాన 150 మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆ వానతో పెద్ద నగరం బతకడం అసాధ్యం. పడమట జాగ్రోస్ కొండల్లో మాత్రం మంచు, వాన కలిపి ఏటా వెయ్యి మిల్లీమీటర్లు దాటే చోట్లున్నాయి. అక్కడ పుట్టి, తూర్పుకు దాదాపు 400 కిలోమీటర్లు ప్రవహించే నదే జాయందే రూద్. ‘జాయందే’ అంటే ప్రాణం పోసేది, ‘రూద్’ అంటే నది.

ఈ నది సముద్రాన్ని చేరదు. నగరం దాటి తూర్పున గావ్ఖూనీ అనే ఉప్పు చిత్తడిలో ఇంకిపోతుంది. ఇలాంటి లోతట్టు నదికి ఒక కఠినమైన లెక్క ఉంటుంది. బయటికి పోయే నీరు లేదు కాబట్టి ‘వృథాగా సముద్రంలో కలుస్తోంది’ అన్న మాటకు ఇక్కడ తావు లేదు. ఎగువన అదనంగా ఖర్చయిన ప్రతి చెంబెడు నీరూ దిగువన ఎవరో ఒకరి వాటాలోంచి పోయినట్టే. పైపొలంలో ఇంకిన నీరు ఊటగా మళ్లీ నదిలోకి వచ్చి కింది పొలానికి అందేది. ఈ చుట్టరికం తెలిసినందువల్లే పాతకాలం వాళ్లు ఇక్కడ నీటి లెక్కలో అంత పట్టుదల చూపారు.

## గుమ్మటాల పోటీ

ఇస్లాం రాకకు ముందు ఇరాన్‌ను ఏలిన సాసానీయుల కాలానికే ఇక్కడ రెండు ఊళ్లు పక్కపక్కన ఉండేవి. ఒకటి నది ఒడ్డున ఉన్న జయ్, రెండోది యూదులు నివసించిన యహూదియే. ఏడో శతాబ్దంలో అరబ్బుల చేతికి వచ్చాక రెండో ఊరే పెరిగి పెరిగి నేటి నగరానికి గర్భం అయింది. యూదుల పాత వాడ జూబారే ఇప్పటికీ ఉంది. ఇస్లాంకు ముందటి అగ్ని ఆరాధనను గుర్తుచేసే ఆతష్‌గా గుట్ట మీది ఇటుక శిథిలాలు నగరానికి పడమట కనిపిస్తాయి. ఒక మతం, ఒక వంశం కట్టిన ఊరు కాదిది.

పదకొండో శతాబ్దంలో సెల్జుక్ తుర్కులు దీన్ని రాజధాని చేసుకున్నారు. మలిక్ షా కాలం (1072-1092) ఆ దశకు పతాక ఘట్టం. జుమా మసీదులో దక్షిణపు గుమ్మటాన్ని వజీరు నిజాముల్ ముల్క్ 1086-87 ప్రాంతంలో కట్టించాడు. ఏడాది రెండేళ్లు తిరగకముందే ఆయన రాజకీయ ప్రత్యర్థి తాజుల్ ముల్క్ ఉత్తరాన మరొకటి లేపాడు. రెండోది చిన్నది. అయినా ఇటుక పనిలో దాని కొలతల పొందికను వాస్తుశిల్పులు ఇప్పటికీ అబ్బురంగా చెప్పుకుంటారు. దర్బారు కక్ష ఇంత అందమైన వస్తువును మిగిల్చిన సందర్భాలు అరుదు. 2012లో యునెస్కో ఈ మసీదును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అంతకు కొన్ని దశాబ్దాల ముందు ప్రసిద్ధ వైద్యుడు, తత్వవేత్త ఇబ్న్ సీనా తన చివరి ఏళ్లలో ఎక్కువ భాగం ఇక్కడే గడిపాడు. మలిక్ షా కొలువులో ఒమర్ ఖయ్యాం, మరికొందరు ఖగోళ శాస్త్రవేత్తలు కలిసి కొత్త పంచాంగం తయారుచేశారు. 1079లో అమలైన ఆ జలాలీ పంచాంగంలో వసంత విషువత్తే, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే వసంతపు రోజే సంవత్సరాది. ఇరాన్ నేడు వాడుతున్న సౌరమానం దాని వారసురాలే. తెలుగువారికి రుబాయీల కవిగా తెలిసిన ఖయ్యాం ఈ ఊళ్లో లెక్కల మనిషి.

1387లో తైమూర్ సైన్యం జరిపిన ఊచకోతతో నగరం కుప్పకూలింది. మళ్లీ తలెత్తడానికి రెండు శతాబ్దాలు పట్టింది.

## షా అబ్బాస్ ఎత్తుగడ

సఫావీ రాజు షా అబ్బాస్ 1598లో రాజధానిని కజ్వీన్ నుంచి ఇస్ఫహాన్‌కు మార్చాడు. పడమట ఉస్మానీలు (ఒట్టోమన్ తుర్కులు), ఈశాన్యాన ఉజ్బెక్‌లు కాచుకుని ఉన్నారు. ఇద్దరికీ దూరంగా, దేశం మధ్యలో, నీరున్న చోటు కావాలి. దక్షిణాన పర్షియా సింధుశాఖ రేవులకు దారి దొరకాలి. ఈ లెక్కలన్నీ ఇస్ఫహాన్‌లో కుదిరాయి.

పాత ఊరిని కూలగొట్టకుండా దాని పక్కన కొత్త కేంద్రం వేయడం ఆ ప్రణాళికలో తెలివైన అంశం. సుమారు 560 మీటర్ల పొడవు, 160 మీటర్ల వెడల్పు ఉన్న నక్ష్-ఎ-జహాన్ మైదానం ఆ కేంద్రం. ‘నక్షా’, ‘మైదానం’ మనకు తెలిసిన మాటలే కాబట్టి ‘లోకపు చిత్రం’ అన్న అర్థం సులువుగా అందుతుంది. దక్షిణాన షా మసీదు, తూర్పున షేక్ లుత్ఫుల్లా మసీదు, పడమట ఆలీ కాపూ రాజభవనం, ఉత్తరాన బజారు ద్వారం. మతం, రాజ్యం, వ్యాపారం మూడూ ఒకే చత్వరం చుట్టూ కొలువుదీరాయి. మధ్యలో పోలో ఆడేవారు. ఆ ఆట రాతి గోల్ స్తంభాలు ఇంకా నిలిచే ఉన్నాయి. ఉత్తర ద్వారం నుంచి సాగే కప్పు వేసిన బజారు, సెల్జుక్ కాలపు జుమా మసీదు దాకా పోయి పాత ఊరిని కొత్త ఊరితో కుట్టింది.

షా మసీదు ప్రవేశద్వారం మైదానానికి ఎదురుగా ఉంటుంది. లోపల మసీదు మాత్రం మక్కా దిక్కుకు ఒరిగి సగం లంబకోణం తిరిగి ఉంటుంది. మైదానం గీత ఒకటి, ప్రార్థన దిశ ఒకటి. రెండింటినీ కలిపే ఆ మలుపును లోపలికి నడిచేవాడు గమనించకుండానే దాటేస్తాడు.

వ్యాపారానికి షా అబ్బాస్ వాడిన పద్ధతి మాత్రం క్రూరమైంది. ఉస్మానీలతో యుద్ధంలో 1604-05లో అరస్ నది ఒడ్డున ఉన్న జుల్ఫా పట్టణం ఆర్మీనియన్లను బలవంతంగా తరలించాడు. దారిలో ఎందరో చనిపోయారు. పాత పట్టణాన్ని నాశనం చేయించాడు. మిగిలినవారికి నది దక్షిణపు ఒడ్డున కొత్త జుల్ఫా కట్టుకోనిచ్చి, సొంత చర్చిలకు, పట్టు వ్యాపారానికి అనుమతిచ్చాడు. అక్కడి వాంక్ చర్చి లోపల పర్షియన్ పలకల పని, ఐరోపా తరహా చిత్రాలు ఒకే గోడ మీద కలిసి ఉంటాయి. ఇరాన్‌లో తొలి ముద్రణాలయం కూడా 1630లలో ఈ ఆర్మీనియన్లే నెలకొల్పారు.

పదిహేడో శతాబ్దంలో ఇక్కడ ఏళ్ల తరబడి ఉన్న ఫ్రెంచి యాత్రికుడు షార్డాన్ 162 మసీదులు, 48 మదర్సాలు, 1,802 సరాయిలు, 273 స్నానశాలలు లెక్కపెట్టాడు. ‘ఎస్ఫహాన్ నెస్ఫె జహాన్’, అంటే ఇస్ఫహాన్ సగం లోకం అన్న నానుడికి ఆ అంకెలే సాక్ష్యం.

## నీటిని లెక్కగట్టిన తీరు

ఇన్ని స్నానశాలలకు, తోటలకు నీరు ఎలా చాలింది? జవాబు ‘మాదీ’ అనే కాలువల్లో ఉంది. నది నుంచి చీలి, వాడవాడలా తిరిగి, తోటలు తడిపి, పొలాలకు పోయే కాలువలివి. పంపకానికి ప్రాతిపదిక షేక్ బహాయీ పేరుతో చెప్పుకునే ఒక పత్రం. లెబనాన్ ప్రాంతంలో పుట్టి షా అబ్బాస్ కొలువులో వెలిగిన పండితుడాయన. ఆ పత్రం ప్రకారం నదిని 33 ప్రధాన వాటాలుగా విడగొట్టి, ఏ మండలానికి ఎన్ని వాటాలో, ఏ కాలంలో ఎవరి వంతో నిర్ణయించారు. నీటిని పరిమాణంగా కాకుండా భాగంగా పంచడం ఇందులోని కీలకం. నదిలో నీరు తగ్గితే అందరి వాటా అదే పాళ్లలో తగ్గుతుంది. కరవు భారం ఒక్కడి నెత్తిన పడదు.

దీన్ని నడిపించినవాడు ‘మీరాబ్’. మీర్ అంటే పెద్ద, ఆబ్ అంటే నీరు. ‘ఆబ్కారీ’లో ఉన్నది ఈ ఆబే. మన చెరువు కింద నీరటి చేసే పనిని ఇతను ఒక నది మొత్తానికి చేసేవాడనుకోవచ్చు.

వంతెనలు కూడా ఈ యంత్రాంగంలో భాగమే. 1602 నాటికి పూర్తయిన అల్లాహ్‌వెర్దీ ఖాన్ వంతెనకు 33 కమానులు, పొడవు 300 మీటర్లకు కాస్త తక్కువ. అందుకే జనం దాన్ని సీ-ఓ-సె-పొల్, ముప్పై మూడు కమానుల వంతెన అంటారు. హైదరాబాదు పురానాపూల్‌లోని ‘పూల్’, ఈ ‘పొల్’ ఒకే మాట.

1650 ప్రాంతంలో షా అబ్బాస్ 2 కట్టించిన ఖాజూ వంతెన ఇంకా లోతైన ఆలోచన. పైన బాట, మధ్యలో రాజు కూర్చునే మంటపం, కింద ఆనకట్ట. స్తంభాల మధ్య ఖాళీలను చెక్కలతో మూస్తే ఎగువన నీటి మట్టం లేచి నది చెరువులా నిలిచేది. ఒడ్డు తోటలకు తడి అందేది, చుట్టుపక్కల బావుల్లో ఊట పెరిగేది. దిగువ వైపు నీరు మెట్ల మీదుగా జారుతూ దూకుడు తగ్గించుకునేది. దాటడం, నిల్వచేయడం, ఇంకించడం, సాయంత్రం చల్లగాలికి కూర్చోవడం అన్నీ ఒకే కట్టడంలో ఇమిడాయి. కమానుల కింద జనం చేరి పాడుకోవడం ఇప్పటికీ ఈ ఊరి అలవాటు. నీరు లేకపోయినా ఆ పాట ఆగలేదు.

పొలాల మధ్య కోటబురుజుల్లా కనిపించే పావురాల గూళ్లు ఈ వ్యవస్థకు మరో కొస. లోపల వేల గూళ్లతో ఇటుకతో కట్టిన ఈ బురుజులు నగరం చుట్టూ మూడు వేలకు పైగా ఉన్నాయని షార్డాన్ రాశాడు. పెంటను పోగుచేసి ఖర్బూజా పొలాలకు ఎరువుగా వాడేవారు. నీరు పరిమితమైనప్పుడు నేల సారం పెంచి అదే నీటికి ఎక్కువ పంట తీయడం దీని వెనుక లెక్క.

## గోల్కొండతో చుట్టరికం

హైదరాబాదును ఇస్ఫహాన్ నమూనాలో కట్టారని తరచూ చెబుతారు. ఈ మాటను కాస్త సవరించాలి. హైదరాబాదు పునాది 1591. ఇస్ఫహాన్ సఫావీ రాజధాని అయింది 1598లో. హైదరాబాదు రూపకల్పనతో ముడిపడిన మీర్ మొమిన్ అస్త్రాబాదీ అంతకు చాలా ఏళ్ల ముందే ఇరాన్ విడిచి గోల్కొండ చేరాడు. నక్ష్-ఎ-జహాన్‌ను చూసి చార్మినార్ కూడలిని గీసే అవకాశం ఆయనకు లేదు. నాలుగు దారులు, తోటలు, నీటి కాలువల పర్షియన్ నగర భావన రెండింటికీ ఉమ్మడి తల్లి అనడం సబబు. అక్కాచెల్లెళ్లలో పెద్దది హైదరాబాదే.

నిజమైన రాకపోకలు మాత్రం గట్టివి. ఇస్ఫహాన్ ప్రాంతపు అర్దెస్తాన్‌లో పుట్టిన మీర్ జుమ్లా గోల్కొండలో వజ్రాల వ్యాపారంతో ఎదిగి, మంత్రి అయి, 1650లో గండికోటను గెలిచాడు. మచిలీపట్నం రేవు నుంచి అద్దకం బట్టలు పర్షియాకు పోయేవి. ఆ బట్టకు మనం వాడే ‘కలంకారీ’ అన్న పేరే పర్షియన్. ఇస్ఫహాన్ బజారులో చెక్క అచ్చులతో అద్దే ‘గలంకార్’ బట్టలు నేటికీ అమ్ముతారు. పెడనలో అచ్చు కొట్టే చప్పుడు విన్నవారికి ఆ దుకాణాలు పరాయివి అనిపించవు. కొత్త జుల్ఫా ఆర్మీనియన్ల వ్యాపార కుటుంబాలు మద్రాసులోనూ స్థిరపడ్డాయి. తొలి ఆర్మీనియన్ పత్రిక 1794లో వెలువడింది మద్రాసు నుంచే. ఇస్ఫహాన్‌వాసులు ‘బెర్యానీ’ అని తినేది మాత్రం బియ్యం లేని వంటకం. దంచిన మాంసాన్ని చిన్న పెనం మీద వేయించి రొట్టెతో ఇస్తారు. వేయించినది అన్న అర్థమొక్కటే ఉమ్మడి.

1722లో అఫ్గాన్ సేనలు నెలల తరబడి ముట్టడించగా, ఆకలితో అల్లాడిన నగరం లొంగిపోయింది. రాజధాని హోదా పోయింది. పందొమ్మిదో శతాబ్దంలో కాజార్ పాలనలో అనేక సఫావీ భవనాలు కూల్చివేతకు గురయ్యాయి. నది మాత్రం పారుతూనే ఉంది.

## నది ఎక్కడ ఆగిపోయింది

ఇరవయ్యో శతాబ్దంలో ఇస్ఫహాన్‌ను పారిశ్రామిక కేంద్రం చేయాలన్న నిర్ణయంతో లెక్క మారింది. కొండలకు అవతల నైరుతికి పారే కారూన్ నది మొదళ్ల నీటిని కొండ తొలిచి జాయందే రూద్‌లోకి మళ్లించాలని సఫావీ రాజులే ప్రయత్నించి వదిలేశారు. ఆ కొండ కోత నేటికీ కనిపిస్తుంది. 1950లలో తొలి కూహ్‌రంగ్ సొరంగం, 1980లలో రెండోది ఆ పని చేశాయి. 1970లో ఎగువన పెద్ద ఆనకట్ట వచ్చింది. నదిలో సహజంగా ఉన్నదానికంటే ఎక్కువ నీరు చేరింది. అయినా నది ఎండింది.

ఇందులో వైరుధ్యం లేదు. ప్రతి సొరంగమూ నీటితోపాటు కొత్త ఆశలనూ తెచ్చింది. 1970లలో సోవియట్ సాయంతో ఒక ఉక్కు కర్మాగారం, 1990లలో మొబారకేలో మరో భారీ ఉక్కు కర్మాగారం వచ్చాయి. నగర జనాభా 20 లక్షలకు చేరువైంది. నగరానికి ఎగువన ఉన్న లెంజాన్‌లో వరి పండుతుంది. ఇంకా పైన చహార్ మహల్ వాసులు తమ కొండల్లో పుట్టే నీరు తమకే అందకపోవడం అన్యాయమంటూ గుట్టల మీదికి మోటార్లతో ఎత్తి తోటలు వేశారు. 2000 ప్రాంతం నుంచి గొట్టాల ద్వారా తూర్పున ఉన్న ఎడారి నగరం యజ్ద్‌కూ నీరు పోతోంది. ఎవరి అవసరాన్నీ కొట్టిపారేయలేం. అయితే అన్నీ కలిపితే నది పరిమాణాన్ని మించిపోయాయి.

పాత పద్ధతిలో కొరత వస్తే అందరికీ పాళ్లలో కోత పడేది. కొత్త పద్ధతిలో తాగునీరు, పరిశ్రమ ముందువరుసలో నిలిచాయి, మోటారున్న ఎగువ రైతుకు చేయి అందింది, తూర్పున వర్జానే వైపు రైతు చివరికి మిగిలాడు. షేక్ బహాయీ వాటాల్లో ఈ తూర్పు రైతులకూ తరతరాల హక్కు ఉంది. 2013లో వారిలో కొందరు యజ్ద్ గొట్టాలను ధ్వంసం చేయడానికి, 2021లో నది అడుగున కూర్చోవడానికి ఆ హక్కు స్పృహే ప్రేరణ. 2021 నవంబరు చివర్లో భద్రతా బలగాలు ఆ నిరసనను బలప్రయోగంతో చెదరగొట్టాయి. అదే ఏడాది జూలైలో కారూన్ దిగువన ఉన్న ఖూజిస్తాన్ జనం నీటి కోసమే వీధుల్లోకి వచ్చారు. కారూన్ నీళ్లు తరలిపోతున్నాయన్నది వారి ఫిర్యాదుల్లో ఒకటి. ఒక ఊరి పరిష్కారం పక్క రాష్ట్రానికి సమస్య కావడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

నీటి కొరతకు పరిష్కారంగా చెప్పే బిందు సేద్యం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆదా చేసిన నీరు నదికి తిరిగి వస్తేనే ఫలితం ఉంటుంది. ఆ ఆదాతో ఎగువన మరో ఎకరం సాగుచేస్తే, పాత కాలువల నుంచి ఊటగా తిరిగొచ్చే నీరు కూడా దిగువకు దక్కదు.

## నేల కుంగితే

నదిలో నీరు లేనప్పుడు అందరూ బోర్లకు పోతారు. పైనుంచి ఇంకేది లేదు, కిందినుంచి తోడేది పెరిగింది. బంకమట్టి పొరల్లో రేణువుల మధ్య నీరు ఒత్తిడితో పైనేలను మోస్తుంటుంది. ఆ నీరు పోయాక పొరలు నొక్కుకుపోతాయి. మళ్లీ నీరు పోసినా అవి పూర్వపు మందానికి రావు. ఇస్ఫహాన్ మైదానంలో ఈ కుంగుబాటు ఇరాన్‌లోకెల్లా తీవ్రమైనవాటిలో ఒకటి. నేల అంతా ఒకే తీరున దిగితే భవనాలు తట్టుకోగలవు. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ దిగడంతో గోడలు పగులుతాయి. చారిత్రక కట్టడాల్లో, వంతెనల్లో కనిపిస్తున్న పగుళ్ల గురించి ఇరాన్ వారసత్వ అధికారులు, నిపుణులు పదే పదే హెచ్చరిస్తున్నారు.

వంతెనల సంగతి మరీ సున్నితం. తడిలో ఉండేలా కట్టిన పునాదులు ఎండకు, పొడికి ఏళ్ల తరబడి గురైతే బలం కోల్పోతాయన్నది ఇంజినీర్ల ఆందోళన. 1985లో ఇరాక్ దాడిలో జుమా మసీదు కొంత దెబ్బతింటే మరమ్మతు చేశారు. బాంబు చేసిన గాయం కనిపిస్తుంది, కొలతకు అందుతుంది. నేల కుంగడం అలా కాదు. చిల్లు ఎక్కడ పూడ్చాలో తెలియని నష్టమది.

## ముందున్న దారులు

ఇప్పుడు జరుగుతున్నది అప్పుడప్పుడూ ఆనకట్ట తలుపులు తెరిచి, పొలాల తడికి కొన్ని రోజులపాటు నీరు వదలడం. దీనివల్ల రైతుకు ఒక పంట కొంత గట్టెక్కుతుంది. భూగర్భ జలం కోలుకోదు. సముద్రపు నీటిని శుద్ధి చేసి దక్షిణ తీరం నుంచి కర్మాగారాలకు పంపే మార్గం ఉన్నా, వందల కిలోమీటర్ల దూరం, 1,500 మీటర్ల ఎత్తు దాటించాలి కాబట్టి ఆ నీరు ఖరీదైనది. ఉక్కుకు ఆ ఖర్చు భరించే శక్తి ఉండవచ్చు. గోధుమకు లేదు. అందుచేత పరిశ్రమను నది మీద నుంచి తప్పించి, ఆ మేరకు నదిని పొలాలకు, గావ్ఖూనీకి వదలడం అర్థవంతమైన వాడకం అవుతుంది. అలా వచ్చిన మిగులును మళ్లీ కొత్త అవసరాలకు కేటాయిస్తే సొరంగాల కథే పునరావృతమవుతుంది.

గావ్ఖూనీని 1975లోనే అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తించారు. అక్కడ నీరు ఇంకిపోయాక తేలిన ఉప్పు పొడి గాలికి లేచి పొలాల మీద, ఊళ్ల మీద పడుతోంది. నది చివరి వాటాదారు ఈ చిత్తడే. పాత 33 వాటాల్లో దానికంటూ అంకె లేదు. అందరికీ పంచాక మిగిలింది అక్కడికి చేరుతుందని నాటివారి ధీమా. ఇకపై ఏ కొత్త ఒప్పందం రాసినా మొదట నింపాల్సిన ఖాళీ గడి అదే.